పొగ కనబడొద్దన్నారు

మా అత్త జీవితంలో చుట్ట ముట్టలేదు. మధ్యాహ్నాలు అరుగు మీద కూర్చుని బీడీలు చుట్టేది గానీ ఒక్కటి కూడా నోట పెట్టి ఎరగదు. అయినా జగిత్యాలలో డాక్టరు ఆమె వీపు మీద గొట్టం ఆనించి విని, ఆమెను కాదు, నన్ను అడిగాడు.

"ముసలమ్మ ఎన్నేండ్ల సంది చుట్ట తాగుతున్నది?"

"తాగదు సారూ."

"అబద్ధం చెప్తే మందు పని చెయ్యదు."

మా అత్త బెంచీ దిగుతూ దగ్గు మధ్యలో అంది: "చుట్ట కాదు నాయినా, పొయ్యి. తలుపులేసుకొని వండుతున్నం."

తలుపులు ఎందుకు వేసుకుంటున్నారని ఆయన అడగలేదు. ఆ రోజుల్లో అలాంటి ప్రశ్న ఎవరూ అడిగేవారు కాదు. సీసా మందు రాసిచ్చి, పొగకు దూరంగా ఉండమన్నాడు. ఆ ఒక్క మాటకు నాకు బస్సులో ఇంటిదాకా ఒళ్ళు మండుతూనే ఉంది.

మా ఊరు మేడిపల్లి దాటాక గుట్టల అంచున ఉంటుంది. నా భర్త భీవండిలో మరమగ్గాల మీద పని చేసేవాడు. ఇంట్లో నేనూ మా అత్తా. ఇద్దరం కూలికి పోయేవాళ్ళం. నాట్లప్పుడైనా కోతలప్పుడైనా చీకటితో లేచి వండి, సద్ది కట్టుకుని, తెల్లవారేసరికి పొలంలో ఉండాలి. ఊళ్ళో ఆడవాళ్ళందరి బతుకూ అదే.

అలాంటి ఊళ్ళో, ఠాణాకు కొత్తగా వచ్చిన ఎస్సై డప్పు వేయించాడు. పొద్దు గుంకాక గానీ, తెల్లవారక ముందు గానీ ఏ ఇంటి మీద పొగ లేచినా ఆ ఇంట్లో అన్నలకు వంట జరుగుతున్నట్టే లెక్క. అన్నలంటే నక్సలైట్లు. కాగితం లేదు, చట్టం లేదు. డప్పు మోగింది, అంతే.

మొదట ఎవరమూ అంతగా పట్టించుకోలేదు. తరువాత మా వెనకింటి కోడలికి తెల్లవారుజామున నొప్పులొచ్చాయి. అత్తగారు నీళ్ళు కాచింది. గుట్ట దిగి వస్తున్న పోలీసులకు పొగ కనిపించింది. వాళ్ళు నేరుగా ఆ ఇంట్లోకి వచ్చి, కాగుతున్న గిన్నెను బూటుతో తన్నారు. "ఎందరికి వండుతున్నవే?" అని ఆ ముసలిదాన్ని జుట్టు పట్టుకుని వాకిట్లోకి లాగారు. పక్కగదిలో కోడలు నొప్పులతో అరుస్తూనే ఉంది. ఆ అరుపు విని కూడా వాళ్ళకు అర్థం కాలేదా, అర్థమయ్యే అలా చేశారా అని నేను ఇప్పటికీ అనుకుంటాను. రెండింటిలో ఏది నిజమైనా నా కోపం ఒక్కటే.

ఆ రోజు నుంచి ఊరంతా తలుపులు మూసుకుని వండడం మొదలుపెట్టింది. పెంకుల మధ్య పొగ పోయే సందుల్లో గోనెసంచులు కుక్కాం. పొగ గదిలోనే తిరిగేది. చీర కొంగు ముక్కుకు కట్టుకుని, కళ్ళు మూసుకుని, చేత్తో తడుముకుంటూ కూర కలిపేవాళ్ళం. నేను నీళ్ళకని బయటికి పోయేదాన్ని. మా అత్త పొయ్యి వదిలేది కాదు. వానాకాలం కట్టెలు తడిసి పొగ రెండింతలైంది. ఆ కాలం ముగిసేసరికి ఆమె ఎడమ కంటి మీద తెల్లటి పొర వచ్చింది. దగ్గు మొదలైతే గోడ పట్టుకుని నిలబడేది.

జగిత్యాల నుంచి వచ్చిన మర్నాడే, ఈ పొయ్యి మార్చాలని నేను పట్టుబట్టాను.

అప్పటికే సర్కారు వాళ్ళు ఊళ్ళో పొగలేని పొయ్యిలు కడుతున్నారు. ఉచితమన్నారు. మేస్త్రీ వచ్చి మట్టితో రెండు కళ్ళ పొయ్యి కట్టి, సిమెంటు గొట్టాన్ని పెంకుల్లోంచి పైకి లేపాడు. నిజం చెప్పాలంటే పొయ్యి మంచిదే. గదిలో పొగ లేదు. మా అత్త చాలా రోజుల తరువాత దగ్గకుండా అన్నం వార్చింది. కానీ గదిలో లేని పొగంతా ఇంటి మీద తాడులా నిటారుగా లేచింది. రెండో రోజే కానిస్టేబుల్ వచ్చాడు.

"గీ గొట్టం ఎవలు పెట్టుమన్నరు? గుట్ట మీదికెల్లి సూస్తే మీ ఇల్లే కనబడుతున్నది."

"సర్కారోళ్ళే పెట్టిండ్రు."

"మరి నేనెవ్వల్ని?"

అతను గోడెక్కి, గొట్టం మీద పాత కుండ బోర్లించి దిగాడు. ఆ పూట వంటగదిలో పొగ మునుపటి కంటే దట్టంగా నిండింది. ఒక సర్కారు కట్టిన పొయ్యిని ఇంకో సర్కారు మూసింది. మధ్యలో దగ్గింది మా అత్త.

కిరసనాయిలు స్టవ్ కొందామంటే, రేషన్‌లో వచ్చే నూనె దీపాలకే చాలదు. బజారులో కొని డబ్బాతో ఊళ్ళోకి వస్తే, ఎవరికి తీసుకుపోతున్నావని దారిలోనే ఆపుతారు. కట్టెలతోనే వండాలి, పొగ తక్కువ రావాలి, గొట్టం ఉండకూడదు. ఇంకోటి కూడా ఉంది. తలుపు చప్పుడు కాగానే ఆర్పేయడానికి వీలుండాలి. పొయ్యికి ఇన్ని షరతులు పెట్టుకుని వెతికిన ఆడది ఇంకెక్కడైనా ఉందేమో నాకు తెలియదు.

సిరిసిల్లలో మా అక్క ఇంటికి పోయాను. వాళ్ళది మగ్గాల షెడ్డును ఆనుకున్న ఒక్క గది. పొగ మసి తెల్లబట్ట మీద పడుతుందని ఆ గదుల వరుసలో కట్టెపొయ్యి పెట్టొద్దని షెడ్డు సేటు ఎప్పుడో చెప్పేశాడు. అందరూ రంపపు పొట్టు పొయ్యి వాడేవాళ్ళు. రేకు డబ్బాలో మధ్యన సీసా నిలబెట్టి, చుట్టూ పొట్టు గట్టిగా కూరి, సీసా లాగేసి, ఆ బెజ్జంలో నిప్పు పెడతారు. పూటంతా సన్నగా కాలుతుంది. పొగ తక్కువే.

"మా ఊర్ల కట్టె కోతమిషను లేదు గదనే. పొట్టు ఏడ దొరుకుతది?" అన్నాను.

"బస్సుల తీస్కపో సంచి."

"నడుమల ఆర్పుదామంటే ఆరుతదా?"

"ఆరదు," అంది అక్క. తరువాత మెల్లగా అంది: "వంట నడుమల ఎందుకు ఆర్పుతవే?"

చెప్పాను. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు. బట్టకు మసి అంటుతుందని సేటు పొగ ఆపించాడు. అక్కడ బట్టకు ఉన్న విలువ మా ఊళ్ళో మనిషికి లేదు.

అక్కే చెప్పింది, కోరుట్లలో ట్రంకు పెట్టెలు చేసే సాయిబు ఒకాయన ఇనుప పొయ్యిలు కూడా చేస్తాడని. తిరుగు దారిలో కోరుట్లలో దిగాను. దుకాణం ముందు చిన్నా పెద్దా పొయ్యిలు పెట్టి ఉన్నాయి. డబ్బాలో ఇంకో డబ్బా, లోపలి దానికి కిందా పైనా బెజ్జాలు. కింది గాలితో కట్టె మండుతుంది, పై బెజ్జాల్లోంచి వచ్చే వేడి గాలికి పొగ కూడా మండిపోతుంది.

"పొగ అస్సలు రాదా?" అన్నాను.

"పొగ రాని కట్టెపొయ్యి దునియాల లేదు బేటీ. తక్కువ వస్తది. పచ్చికట్టె పెట్టినవనుకో, దీంట్ల కూడ వస్తది. ఎండినయి, వేలంత సన్నగ చీరి పెట్టాలె."

నేను మాట నమ్మే స్థితిలో లేను. సిరిసిల్ల నుంచి తెచ్చిన తెల్లబట్ట ముక్క తీసి, మంట మీద పట్టుకుంటానన్నాను. ఆయన నవ్వి, కందికట్టె ముక్కలు వేసి వెలిగించాడు. మొదట అంటుకునేటప్పుడు కాస్త పొగ వచ్చింది. మంట కుదిరాక బట్ట మీద లేత పసుపు మరక తప్ప ఏమీ పడలేదు. తరువాత నేనే దారి పక్కన పచ్చి తుమ్మకొమ్మ విరిచి వేశాను. బట్ట నల్లబడింది. ఆయన మాట నిజమే.

పల్చటి రేకుది తేలిక, చవక. కానీ ఏడాదిలో లోపలి డబ్బా కాలి తూట్లు పడుతుందని ఆయనే చెప్పాడు. పాత డ్రమ్ము రేకుతో చేసిన మందపాటిది తీసుకున్నాను. అంచు మీద గిన్నె ఆనే కాళ్ళు ఎత్తుగా ఉన్నదాన్ని ఏరుకున్నాను. గిన్నె అంచుకు అంటుకుంటే గాలి ఆడక మళ్ళీ పొగ వస్తుందట. కట్టెలు పైకి లాగి మూత పెడితే మంట ఆరిపోతుంది. అది కూడా చేసి చూపించమన్నాను. చూపించాడు.

మేడిపల్లి దగ్గర బస్సు ఆపారు. కానిస్టేబుల్ నా గోనెసంచి విప్పి రెండడుగులు వెనక్కి వేశాడు. "సార్, బాంబు లెక్కున్నది!" అని అరిచాడు. ఎస్సై వచ్చాడు. కోస్తా మనిషి, కుర్రవాడు.

"ఏంటిది?"

"పొయ్యి సారూ."

"పొయ్యికి డబుల్ రేకెందుకు? బెజ్జాలెందుకు? ఎవరు చేయించమన్నారు?"

బస్సులో జనం నా వైపు చూడడం మానేశారు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు భయం వేయాలి. నాకు వేయలేదు. పొయ్యిని దించి రోడ్డు పక్కన పెట్టాను. ఎండుపుల్లలు ఏరాను. బస్సులో బీడీ తాగుతున్న ఒకాయనను అగ్గిపెట్టె అడిగి తీసుకుని, ఎస్సై కళ్ళ ముందే వెలిగించాను. మంట కుదిరింది. పొగ దాదాపు లేదు.

"సూడుండ్రి సారూ. మీరే గద పొగ కనబడొద్దన్నరు. కనబడుతలేదు."

ఆయన మంటను చూశాడు, నన్ను చూశాడు.

"అదే అడుగుతున్నాను. పొగ కనపడకుండా వండుకోవాల్సిన అవసరం నీకేంటి?"

పొగ వస్తే అన్నలకు వంట. పొగ రాకపోతే ఇంకా పెద్ద అనుమానం. మంట ఆర్పి, పొయ్యిని జీపులో వేసుకుని పోయారు.

మర్నాడు మా అత్తను వెంటబెట్టుకుని ఠాణాకు పోయాను. వద్దు పిల్లా, పోనియ్యి అని దారంతా ఆమె బతిమాలింది. ఠాణా వెనక వేపచెట్టు కింద నా పొయ్యి ఉంది. దాని మీద చాయ్ మరుగుతోంది. వంట కానిస్టేబుల్ పక్కనే పీట వేసుకుని కూర్చున్నాడు.

నేను గట్టిగానే అన్నాను. లోపలికి వినపడాలనే అన్నాను.

"బాంబు మీద చాయ్ మంచిగ మరుగుతున్నదా?"

ఎస్సై బయటికి వచ్చాడు. నేను నోరు తెరిచేలోపు మా అత్తకు దగ్గు తెర వచ్చింది. వేపచెట్టును పట్టుకుని, నడుం వంగిపోయి, ఊపిరి అందక దగ్గింది. ఆపడం ఎవరి చేతిలోనూ లేదు. కానిస్టేబుల్ చాయ్ గిన్నె దించాడు. ఎస్సై పొయ్యి వైపు చెయ్యి చూపి, "తీసుకుపొండి," అన్నాడు. క్షమించమనలేదు. నేను నిప్పులు అక్కడే కుమ్మరించి, తడి గోనెలో చుట్టి, కాలుతున్న పొయ్యిని నెత్తిన పెట్టుకున్నాను.

ఆ పొయ్యితో మా ఇంట్లో ఊపిరి ఆడింది. తలుపు ఓరగా తెరిచి వండేదాన్ని. మా అత్త దగ్గు పోలేదు, తగ్గింది. కన్ను రాలేదు.

నెల తిరగక ముందే అన్నలు వచ్చారు, తెల్లవారుజామున, నేను ఒక్కదాన్నే వంట దగ్గర ఉండగా. వాళ్ళలో పెద్దాయన పొయ్యి చుట్టూ తిరిగి చూశాడు.

"వదినా, పొగ రాదట గదా. మాకు గిసొంటియి రెండు తెప్పియ్యాలె."

నాకు ఠాణాలో వచ్చిన కోపమే మళ్ళీ వచ్చింది. అదే కోపం, అంతే వేడిగా.

"గా సారేమో ఎందుకని అడిగిండు. మీరేమో రెండు కావాల్నంటున్నరు. మా అత్త ఎట్లున్నదని ఇద్దరిల ఒక్కలన్న అడిగిండ్రా?"

వెంట ఉన్న ఒక ఆడపిల్ల లోపలికి తొంగి చూసి, "అవ్వా, పానం ఎట్లున్నది?" అంది. మా అత్త, "గిట్లున్న బిడ్డా," అంది. వాళ్ళు మా సద్ది తిని పోయారు. ఆ పూట మేము ఆకలితోనే కూలికి పోయాం. ఆ పిల్ల మీద మాత్రం నాకు కోపం రాలేదు.

ఊళ్ళో ఆడవాళ్ళు మాకూ కావాలన్నారు. కోరుట్లకు పోతే సాయిబు తల అడ్డంగా ఊపాడు. పోలీసులు వచ్చి, కొన్నవాళ్ళ పేర్లు అడిగారట. "పెట్టెలే చేస్తున్న బేటీ, మాఫ్ చెయ్యి," అన్నాడు. ఆయనను ఏమనగలను?

అప్పుడు మా అత్త వాకిట్లో కూర్చుని మట్టి తొక్కించింది. వరిపొట్టు కలిపి, నా ఇనుప పొయ్యిని చేతితో తడిమి చూస్తూ, దానిలాగే రెండు గోడలతో మట్టిపొయ్యి చేసింది. మొదటిది పగిలింది. రెండోది ఎండలో బీటలు వారింది. ఆడవాళ్ళంతా తలా ఒక చెయ్యి వేశారు. చివరికి నిలబడినవి ఇనుప పొయ్యంత బాగా మండలేదు. అయినా పొగ సగానికి తగ్గింది. "కట్టె సన్నగ చీరుండ్రే, దొడ్డు కట్టె పెడితే నేను చేసింది మీకు దండుగ," అని ఒక్క కంటితో అందరినీ గదమాయించేది. ఆమెను అంత హుషారుగా నేను మళ్ళీ చూడలేదు. ఆ తరువాత రెండు వానాకాలాలు బతికింది.

మొన్న ఒక పెళ్ళిలో మగవాళ్ళు ఆ రోజుల గురించి మాట్లాడుకుంటున్నారు. ఎవరు ఎక్కడ కాల్పుల్లో పోయారు, ఏ ఎస్సై ఎంత కఠినుడు, ఏ దళం ఎటు నుంచి వచ్చేది. అన్నీ గుర్తున్నాయి వాళ్ళకు. నేను మధ్యలో కలుగజేసుకుని, మా ఊళ్ళో ఎంతమంది ఆడవాళ్ళ కళ్ళు పోయాయో తెలుసా అని అడిగాను. "కాల్పులలనా?" అన్నాడు ఒకాయన.

"వంటల," అన్నాను.

అందరూ నవ్వారు, నేనేదో హాస్యమాడానని. నేను విస్తరి ముందు నుంచి లేచి వచ్చేశాను.