శేషగిరి గారి మేత యంత్రం

గ్రీజు మీద కుంకుమ పెడితే ఒక వాసన వస్తుంది. అది అగరుబత్తి వాసనా కాదు, ఇంజనాయిలు వాసనా కాదు. రెండూ కలిసి గొంతులో కూర్చునే వాసన. మొన్న దసరాకి మా షెడ్డులో లేతు మిషనుకి బొట్టు పెడుతుంటే అది ముక్కుకి తగిలింది. హారతి పళ్ళెం పట్టుకుని అలాగే నిలబడిపోయాను. "ఏంటి, దేవుడు కనిపించాడా?" అంది మా ఆవిడ. మామూలు రోజైతే ఆ మాటకి నాలుగు జవాబులు చెప్పేవాణ్ణి. ఆ రోజు నాకు కనిపించింది శేషగిరి గారు. మీరెవరూ ఆయన్ని చూసి ఉండరు. చూసినా గుర్తుండే ఆకారం కాదు. పొట్టి మనిషి, ఇస్త్రీ చొక్కా, జేబులో చెక్కిన పెన్సిళ్ళు, ఎవరో పిలుస్తారేమో అన్నట్టు ఎప్పుడూ కొద్దిగా పక్కకి తిరిగి ఉండే తల.

నేను ఎనిమిదో తరగతి మధ్యలో బడి మానేశాను. బడి కూడా నన్ను వెతుక్కుంటూ రాలేదు కాబట్టి ఇద్దరికీ ఇష్టమయ్యే జరిగిందనుకుంటాను. చిలకలూరిపేటలో ఇనుము తిప్పి చెక్కే లేతు పని నేర్చుకున్నాను. పని బాగానే చేసేవాణ్ణి, నోరు మాత్రం ఊరుకునేది కాదు. ఒక ఓనరు బట్టతల మీద, ఇంకో ఓనరు బావమరిది మీద జోకులేసి రెండు షెడ్లు పోగొట్టుకున్నాను. మూడోది శేషగిరి గారిది. తొంభైల చివర్లో ఆయన హైవే పక్కన, పత్తి జిన్నింగ్ మిల్లుల మధ్య షెడ్డు తీశారు. అంతకు ముందు బతుకంతా మిలిటరీ విమానాల భాగాలు తయారు చేసే ఒక పెద్ద ఫ్యాక్టరీలో ఇంజనీరు. సొంతూరు పర్చూరు దగ్గర పల్లె. విమానాలు చేసినాయన పత్తి మిషన్లు చేస్తాడంట అని ఊళ్ళో నవ్వుకున్నారు. అందులో గట్టిగా నవ్వినవాణ్ణి నేనే. తర్వాత పని అడగడానికి వెళ్ళినవాణ్ణీ నేనే.

"డ్రాయింగు చదవడం వచ్చా?" అని అడిగారు.

"బొమ్మలేగా సార్. అక్షరాలంటే కష్టంగానీ బొమ్మలు చదువుతాను."

ఆయన నవ్వలేదు. కాగితం నా వైపు తిప్పి, "ఇందులో ఒక తప్పుంది, ఎక్కడో చెప్పు" అన్నారు. ఎంత చూసినా నాకు దొరకలేదు. దొరకలేదనే చెప్పాను. "మంచిది. ఉందని కల్పించి చెప్పలేదు, రేపటి నుంచి రా" అన్నారు. తప్పు లేని కాగితమే ఇచ్చారని నాకు తర్వాత తెలిసింది.

ఆ ఫ్యాక్టరీలో ఏం చేశారో ఆయన చేత చెప్పించాలని నేను చేయని ప్రయత్నం లేదు. "రెక్కా, తోకా సార్?" అంటే "చెప్పకూడదు కోటీ" అనేవారు. "పైలట్‌కి తాంబూలం పెట్టె చేసుంటారు" అంటే విననట్టు పని చూసుకునేవారు. నెల్లాళ్ళ తర్వాత ఓ మధ్యాహ్నం ఆకురాయి పట్టుకుని ఏదో నునుపు చేస్తూ, తల ఎత్తకుండానే, "తాంబూలం పెట్టె ఇంకా కష్టం. సున్నం ఆరిపోకూడదుగా" అన్నారు. నాకు అర్థమై నవ్వేలోపు ఆయన ఇంకో పనిలో పడ్డారు. అప్పటి నుంచి మా మధ్య అదే లెక్క. నేను జోకు వేసేవాణ్ణి, ఆయన నెల ఆగి దాన్ని తిరిగిచ్చేవారు.

చెప్పగలిగినంత మాత్రం తర్వాత తర్వాత చెప్పారు. తిరిగే భాగానికి ఏదైనా అడ్డొచ్చినప్పుడు మోటారు మొండిగా తోసి దాన్ని విరగ్గొట్టకుండా, తనంతట తానే పట్టు వదిలేసే అమరిక ఒకటి ఆయన కనిపెట్టారు. అలాంటివి ఇంకా కొన్ని. పేటెంట్లు వచ్చాయి. హక్కు ఫ్యాక్టరీది. ఆయన పేరు ఏ మూలో ఉండేది, కొన్ని కాగితాలైతే ఇంటికి తెచ్చుకునే వీలే లేదు. "మా అమ్మ పోయేదాకా అడుగుతూనే ఉంది, నువ్వు చేసే పనేంట్రా అబ్బాయ్ అని. ఆఫీసు పనమ్మా అనేవాణ్ణి. నేను గుమాస్తాననే అనుకుంటూ పోయింది" అన్నారు ఒకసారి. "ఒక్కటి, నా పేరు మీద, పదిమందికి చూపించుకోగలిగింది చెయ్యాలి కోటీ" అన్నారు. ఆయన నోట కోరిక లాంటి మాట నేను విన్నది ఆ ఒక్కసారే.

ఆ ఒక్కటి పత్తి మిల్లులో దొరికింది. గింజనీ దూదినీ విడదీసే మిషనులోకి అప్పట్లో ఆడవాళ్ళు పత్తిని చేత్తో అందించేవాళ్ళు. కళ్ళలో దుమ్ము, చేతికి అంగుళాల దూరంలో రోలర్లు. మిల్లుల్లో వేళ్ళు పోయిన మనుషులు నాకు తెలుసు. ఆ పత్తిని దానంతటదే, సమంగా, ఎడతెగకుండా అందించే యంత్రం చేద్దామన్నారు. ఒక పెట్టె, అందులో ముళ్ళ పీపా, దాన్ని తిప్పే గొలుసు. పశువుకి మేత వేసినట్టుందని నేను దానికి మేత యంత్రమని పేరు పెట్టాను. ఆయన కాగితాల మీద వేరే పొడుగాటి పేరుండేది, షెడ్డులో మాత్రం నా పేరే నిలిచింది. అసలు సంగతి పీపా పక్కన చెంబంత గుండ్రటి డబ్బాలో ఉంది. విమానాల పనిలో ఆయన నేర్చిన విద్యని పత్తికి తగ్గట్టు కొత్తగా మలిచి అందులో పెట్టారు. పత్తి కాకుండా ఇంకేదైనా, కర్రో చెయ్యో, ముళ్ళకి అడ్డొస్తే పీపా పట్టు వదిలేస్తుంది. మోటారు తిరుగుతూనే ఉంటుంది, పీపా నిలబడిపోతుంది.

దాన్ని సరిచేయడానికి ఏడాది పైనే పట్టింది. పరీక్షకి ముందు వంకాయలు పెట్టాం, తర్వాత చెరుకు గడలు. చివరికి ఆయన చొక్కా చెయ్యి మడిచి తన చెయ్యే పెట్టారు. నేను ఎగిరి మీద పడి ఆయన్ని వెనక్కి లాగాను.

"వదులు. ఇంకొకళ్ళు చెయ్యి పెట్టే చోట చేసినవాడు ముందు పెట్టాలి" అన్నారు.

"వంకాయలు చెప్పాయిగా సార్, చాలదా?"

"వంకాయకి పిల్లల్లేరు కోటీ."

చెయ్యి పెట్టారు. పీపా ఆగింది. చర్మం మీద ముళ్ళ గుర్తులు సన్నగా ఎర్రగా పడ్డాయి, అంతే. తర్వాత నేనూ పెట్టాను. పెట్టేముందు నా చివరి మాటలు మా ఆవిడకి చేరవేయమన్నాను. ఈసారి ఆయన నెల ఆగకుండానే నవ్వారు.

మద్రాసులో పేటెంటు పనులు చూసే ఒకాయనకి డ్రాయింగులు పంపడానికి సిద్ధమవుతుండగా దసరా వచ్చింది. మా వైపు ఆయుధపూజనాడు షెడ్లన్నీ తెరిచే ఉంటాయి. మిషన్లు కడిగి, పసుపు రాసి, బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టి ఒక్కసారి తిప్పుతారు. వీధిలో వాళ్ళంతా ఒకరి షెడ్డుకి ఒకరు వెళ్ళి, చూసి, పులిహోర తిని వస్తారు. కొత్త మిషనుని ఆ రోజు గుడ్డ కప్పి ఉంచడమంటే పెళ్ళికూతుర్ని గదిలో పెట్టి తాళం వేసినట్టే. బతుకంతా గేట్లూ పాసులూ సెంట్రీల మధ్య పని చేసిన మనిషి, ఆ రోజు తన చేతులతోనే షట్టరు పైకెత్తారు. మిల్లుల వాళ్ళు వచ్చారు, పక్క వీధి వెల్డింగు షెడ్డు బ్రహ్మం వచ్చాడు, పత్తి అందించే ఆడవాళ్ళు వచ్చారు. శేషగిరి గారు కాయ కొట్టి, స్విచ్చి వేసి, అందరి ముందూ చెయ్యి పెట్టారు. పీపా ఆగింది. ఆడవాళ్ళు "అమ్మో" అన్నారు. ఆయన మొహంలో ఆనాటి వెలుగు నేను ముందూ చూడలేదు, తర్వాతా చూడలేదు.

పండగ వెళ్ళిన రెండు వారాలకి ఎస్టీడీ బూతు నుంచి మద్రాసాయనకి ఫోను చేశారు. పక్కన నేనున్నాను. అవతల మాటలు వినపడలేదు గానీ ఇవతలివి విన్నాను.

"లేదండీ, ఎవరికీ అమ్మలేదు... ప్రదర్శన కాదండీ, పూజ... అవునండీ, తిప్పాం, తిప్పకుండా పూజ ఎలా అవుతుంది... ఎంతమందంటే, ఊరంతా వచ్చారండీ."

ఫోను పెట్టేసి బూతులో ఉన్న స్టూలు మీద కూర్చున్నారు. పదిమంది ముందు నడిపి చూపించినదాన్ని చట్టం కొత్తదని ఒప్పుకోదట. ఆ సంగతి ఆయనకి తెలియక కాదు. పూజ కూడా చూపించడం కిందకే వస్తుందని తోచలేదు. నాకూ తోచలేదు. మా వీధిలో ఎవర్నడిగినా తోచదు. అయితే మద్రాసాయన ఒక దారి చెప్పాడు. పెట్టె, పీపా, గొలుసు పోయినట్టే. కానీ గుండ్రటి డబ్బా మూత ఎవరి ముందూ విప్పలేదు. అందులో ఏముందో ఎవరూ చూడలేదు కాబట్టి అది ఇంకా శేషగిరి గారిదే. దాని ఒక్కదానికే కొత్తగా డ్రాయింగులు గీసి పంపమన్నాడు. ఓ పది రోజుల పని.

ఈలోపు పత్తి సీజను ఊపందుకుంది. నాలుగో రోజో ఐదో రోజో మంగమ్మ మా షెడ్డుకి వచ్చింది. పక్క మిల్లులో పత్తి అందించే మనిషి. కుడి చేతికి మోచేతి దాకా కట్టు ఉంది.

"మీ మిషనే గదా అని చెయ్యి పెట్టానయ్యా" అంది శేషగిరి గారితో. "ముళ్ళకి పత్తి చుట్టుకుంటే లాగుదామని. దసరానాడు మీరు పెట్టారు గదా, ఆగుద్దనుకున్నా. ఆగలా. మోటారు బెల్టు జారబట్టి సరిపోయింది గానీ, లేకపోతే చెయ్యి మీకు చూపిచ్చేదాన్ని కాదు."

మాకేం అర్థం కాలేదు. మేం ఇంకా ఒక్క యంత్రం కూడా ఎవరికీ ఇవ్వలేదు. ముగ్గురం కలిసి మిల్లుకి వెళ్ళాం. అక్కడ అచ్చం మాదే ఉంది. అదే పెట్టె, అదే పీపా, పక్కన అదే గుండ్రటి డబ్బా. దసరానాడు కళ్ళతో కొలుచుకుని వెళ్ళి బ్రహ్మం చేశాడు. డబ్బా మీద వేలితో కొట్టాను. ఖంగుమంది. లోపల ఏమీ లేదు.

బ్రహ్మాన్ని అడిగితే వాడేం దాచలేదు. "అదెందుకో నాకేం తెలుసు సార్? మీ దానికి ఉంది, మా దానికీ పెట్టాం. లేకపోతే బోసిగా ఉంటది గదా" అన్నాడు.

ఆ రోజు ఆ డబ్బా మీద ఎన్ని జోకులు వెయ్యొచ్చో ఇప్పటికీ తోస్తాయి. అప్పుడు మాత్రం మంగమ్మ చేతి కట్టే చూస్తున్నాను. ఇలాంటివి వాడు ఇంకొన్ని మిల్లులకి అప్పటికే ఇచ్చేశాడు. "వెంటనే ఆపించు బ్రహ్మం" అన్నారు శేషగిరి గారు. "నేను చెప్తే ఆపుతారా సార్? సీజను. పత్తి ట్రాక్టర్లు హైవే దాకా నిలబడున్నాయి" అన్నాడు వాడు. శేషగిరి గారే మిల్లు ఓనరు దగ్గరికి వెళ్ళి చెప్పారు. ఆయన మర్యాదగా కాఫీ ఇప్పించి, జాగ్రత్తగా ఉండమని ఆడవాళ్ళకి చెబుతాలెండి అన్నాడు.

షెడ్డుకి తిరిగొచ్చాం. ఆయన పానా తీసుకుని మా యంత్రం దగ్గరికి వెళ్తుంటే ఏం చేయబోతున్నారో నాకు తెలిసిపోయింది. అడ్డం నిలబడ్డాను.

"పది రోజులు ఆగండి సార్. కాగితం మద్రాసు చేరాక బ్రహ్మానికి చూపిద్దాం."

"ఈ పది రోజులూ వాళ్ళు చేతులు ఎక్కడ పెట్టుకోవాలి?"

"వాడు చూస్తే ఊరంతా చూసినట్టే. మీ పేరు మీద ఇక ఏదీ మిగలదు. మీ అమ్మగారికి చెప్పుకోగలిగింది ఇదొక్కటేగా సార్!"

ఆ మాట అనకూడదని అన్నాక తెలిసింది. ఆయన పానాని చేతిలో అటూ ఇటూ తిప్పారు. "మా అమ్మే ఉంటే నా పేరు సంగతి అడగదు కోటీ. ఆ పిల్ల చెయ్యి ఎలా ఉందిరా అని అడుగుతుంది" అన్నారు. "దసరానాడు చెయ్యి పెట్టింది నేను. అది చూసి నమ్మి మంగమ్మ పెట్టింది. వెళ్ళి బ్రహ్మాన్ని తీసుకురా."

తీసుకొచ్చాను. గోనెసంచి పరిచి, మూత విప్పి, లోపలి స్ప్రింగులూ పళ్ళ చక్రాలూ ఒక్కొక్కటే వరసగా పేర్చి, ఏది ఎందుకో చెప్పారు. ఏ ఇనుము వాడాలో, ఎంత బిగించాలో, ఎంతకి మించి బిగించకూడదో అంతా చెప్పారు. బ్రహ్మం మొదట తలూపుతూ విన్నాడు. తర్వాత తలూపడం మానేశాడు. చివరికి, "సార్, దీని మీద మీ పేరు కొట్టించమంటారా?" అన్నాడు చిన్నగా.

"వద్దు. నీ పేరే ఉండాలి. పాడైతే జనం నీ దగ్గరికే రావాలి. ఇది లేకుండా మాత్రం ఒక్కటి కూడా బయటికి పంపకు. ఎవరడిగినా విప్పి చూపించు."

ఆ వారమంతా మేం మిల్లు మిల్లుకీ తిరిగి ఖాళీ డబ్బాలు నింపాం. మద్రాసుకి డ్రాయింగులు వెళ్ళలేదు. నాకెంత కోపం వచ్చిందంటే, ఆయనతో జోకులు మానేశాను. నా చేతిలో ఉన్న శిక్ష అదొక్కటే. కొన్నాళ్ళకి ఆయన లేతు దగ్గరికి వచ్చి, "ఏం కోటీ, షెడ్డులో ఏదో మోటారు ఆగిపోయినట్టుందే?" అన్నారు. ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ఆ తర్వాత కూడా మేం కలిసి చాలా చేశాం, మిరపకాయలు జల్లించేవీ, పొగాకు బేళ్ళు నొక్కేవీ. పేటెంటు మాట మళ్ళీ ఆయన ఎత్తలేదు. కొన్నేళ్ళకి గుండెపోటుతో పోయారు. దినం రోజున ఎవరో బంధువు, "ఈయన పేరు మీద సొంతంగా ఏదో పేటెంటు ఉందంటగా?" అని అడిగాడు. విస్తరి ముందు కూర్చున్న బ్రహ్మం చెయ్యి ఆగిపోయింది. "ఉండాల్సిందండీ" అన్నాడు. మళ్ళీ అన్నం ముట్టలేదు.

ఇప్పుడు నాకూ ఒక షెడ్డుంది. ఏ యంత్రం చేసినా బయటికి పంపేముందు నా చెయ్యి పెడతాను. నా దగ్గర పని చేసేవాళ్ళు దీన్ని పిచ్చి అనుకుంటారు. ఆయన పేరు ఎవరికైనా చెప్పాలన్న తపన మాత్రం నన్ను వదల్లేదు.

పోయినేడు ఒక పని మీద దర్శి వెళ్ళి అక్కడ మిల్లులో నిలబడ్డాను. మేత యంత్రం తిరుగుతోంది. దాని మీద నేనెన్నడూ వినని ఏదో ఊరి కంపెనీ పేరున్న రేకు ఉంది. చూస్తుండగానే పీపా టక్కున ఆగింది. పత్తిలో కలిసొచ్చిన కంపముక్క అడ్డం పడింది. అక్కడున్న అమ్మాయి చెయ్యి లోపలికి పోనిచ్చి, ఆ ముక్క లాగి అవతల పారేసి, నా వైపు చూసి విసుక్కుంది.

"ఊరికే ఆగిపోతా ఉంటదండీ ఇది. ఎవడు చేశాడో గానీ."

చెప్పడానికి నోరు తెరిచాను. ఆ అమ్మాయి అప్పటికే అటు తిరిగి రెండు చేతులా పత్తి ఎత్తుతోంది.

"ఆగనివ్వమ్మా" అన్నాను.