ఇంబ్రో నోట్లో గుండుసూదులు

వరాజ్దిన్ ఊళ్లోని పటాలంలో దర్జీ ఇంబ్రో నిలబడి కుడతాడు. కుర్చీ వేసినా కూర్చోడు. కొత్త సైన్యంలో దర్జీలకు అలాంటి ఆర్డరుందేమో అనుకుంటారు కొత్తగా వచ్చినవాళ్లు. ఆర్డరూ లేదు, పాడూ లేదు.

యుద్ధం నాలుగేళ్లూ అతను అదే గదిలో, అదే కిటికీ దగ్గర కూర్చుని చక్రవర్తి సైన్యానికి కుట్టాడు. చక్రవర్తి పోయాడు, రాజొచ్చాడు, కిటికీ మాత్రం మారలేదు. 1919 వసంతానికి కొత్త రాజ్యానికి సైన్యమైతే వచ్చింది గానీ బట్ట రాలేదు. పాత బూడిదరంగు టోపీలు విప్పి, బోర్లించిన పడవలాంటి కొత్త టోపీలు కుట్టమన్నారు. పాత టోపీకి ముందు చక్రవర్తి పేరున్న ఇత్తడి బిళ్ల ఉండేది. బిళ్ల పీకేసినా, దాని చాటున ఎండ తగలనిచోట గుండ్రంగా నల్లటి మచ్చ మిగులుతుంది. అందుకే బట్ట తిరగేసి కుట్టాలి. రోజుకి నలభై టోపీలు. ఒకనాడు కళ్లు మూతలు పడుతుంటే ఒకటి తిరగేయకుండానే కుట్టేశాడు.

ఆ టోపీ పోయిపోయి బ్లాజ్ నెత్తినెక్కింది. బ్లాజ్‌ది ఇంబ్రో ఊరే. అతని కూతురి బాప్తిస్మంలో ఇంబ్రో జ్ఞానతండ్రిగా నిలబడ్డాడు, అందుకని ఇద్దరూ బావా అంటే బావా అనుకునేవారు.

మర్నాడు పొద్దున్న వరసలో కెప్టెన్ ఆ టోపీ ముందు ఆగాడు. అలాంటి బిళ్ల పెట్టుకున్నవాళ్లే ఆయన తమ్ముణ్ణి కాల్చారు. కెప్టెన్ యుద్ధంలో అవతలి పక్షాన, రాజు సైన్యంతో మంచు కొండల మీద కుళ్లిన కాళ్లతో నడిచొచ్చిన మనిషి.

"చక్రవర్తిని నెత్తిన దాచుకున్నావా?"

ఇచ్చింది పెట్టుకున్నానన్నాడు బ్లాజ్. ఇరవై ఐదు దెబ్బలన్నాడు కెప్టెన్. చక్రవర్తి కాలంలో తిట్టేవారు, స్తంభానికి కట్టేసేవారు, కర్ర దెబ్బలు మాత్రం తాతల నాడే పోయాయి. మన సైన్యం వచ్చాక అవీ తిరిగొచ్చాయి. ఈ మాట వరసలో అందరూ అనుకున్నారు, ఎవరూ అనలేదు.

ఇంబ్రో అక్కడే ఒక సార్జంటు చొక్కా చేతులు సరిచేస్తున్నాడు, నోటినిండా గుండుసూదులు. పెళ్లాం నిలదీసినా, పాదిరీ చర్చికి రావేమన్నా అతనికి సూదులే దిక్కు. నోట్లో సూదులున్నవాణ్ణి జవాబు ఎవరడుగుతారు? బ్లాజ్‌ని బల్ల మీద పడుకోబెట్టారు. ఒకటి. ఈ దెబ్బ తర్వాత చెబుదామనుకున్నాడు ఇంబ్రో. రెండు. ఇది కానీ. అలా తొమ్మిది పడ్డాక అరచేతిలోకి ఉమ్మేశాడు. ఒక సూది పెదవికే గుచ్చుకుని వేలాడింది.

"కెప్టెన్ గారూ, ఆ మచ్చ నాది. బట్ట తిరగేయడం మర్చిపోయాను."

ఇద్దర్నీ వదిలేస్తాడని ఏ మూలో ఆశ. కెప్టెన్‌కి కోపం కూడా రాలేదు, అలిసిపోయినట్టు చూశాడు.

"ఇరవై ఐదని చెప్పాను. తొమ్మిదయ్యాయి. మిగతావి నువ్వు తీసుకో."

వైద్యశాలలో ఇద్దరూ పక్కపక్కనే బోర్లా పడుకున్నారు. బ్లాజ్ అడిగాడు.

"బావా, తప్పు నీదని ఎన్నో దెబ్బకి తెలిసింది?"

"మొదటిది పడకముందే."

"మరి?"

"నోట్లో సూదులున్నాయి."

బ్లాజ్ నవ్వబోయాడు. వీపు ఒప్పుకోలేదు. "పదహారు నీకొచ్చాయిలే. నీ వాటాయే పెద్దది, ఇంక మాట్లాడకు," అని మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

నెలకి వాతలు మానాయి. బ్లాజ్ కోతలకి ఊరెళ్లిపోయాడు. కూతురి పుట్టినరోజుకి ఇప్పటికీ పిలుస్తాడు, బావా అనే పిలుస్తాడు. ఇంబ్రో సూదులు ఇప్పుడు చొక్కా చేతికి గుచ్చుకుంటాడు. గదిలో మాత్రం కూర్చోడు. ఆ కిటికీ కిందికుంటుంది. కూర్చుంటే పెరట్లో ఆ దెబ్బల బల్ల కనిపిస్తుంది, నిలబడితే గోడ. బల్ల వారం తిరక్కుండా పనిలోకి దిగుతుంది. గోడకి చెవులున్నాయో లేదో గానీ ఇంబ్రోకి ఉన్నాయి. తొమ్మిదో దెబ్బ వినబడగానే కుట్టే చెయ్యి ఆగుతుంది. పదోది పడ్డాక మళ్లీ కుడతాడు.