బామ్మర్ది కొడుక్కి ట్యాలీ

ఈ రోజు పొద్దున మా మనవరాలు శ్రావణిని వెంటబెట్టుకుని చండ్రుగొండ దగ్గర ఒక రైస్ మిల్లుకు వెళ్లాను. అకౌంటెంట్ కావాలన్నారట. పిల్ల ఎం.కాం. ఫస్ట్ క్లాసు, పైగా ఐసీడబ్ల్యూఏ ఇంటర్ పాసైంది. ఇది ఆరో ఇంటర్వ్యూ. వెళ్లిన ప్రతిచోటా అనుభవం లేదని పంపేశారు.

ఓనరు సర్టిఫికెట్లన్నీ పెళ్లి ఆల్బమ్‌లా తీరిగ్గా తిరగేశాడు. "మస్తు చదివినవ్ బిడ్డా. కానీ ఆ పోస్టుల మా బామ్మర్ది కొడుకును పెట్టుకున్నం. వానికి కంప్యూటర్ల లెక్కలు రాసే ట్యాలీ రాదు. పది రోజులొచ్చి జర నేర్పిపో, బస్సు కిరాయి ఇస్తం" అన్నాడు.

"నేర్పేటంత పని వచ్చిన పిల్లకే ఆ నౌకరీ ఇయ్యరాదా అయ్యా?" అన్నాను.

"ఆడపిల్ల గదమ్మా, రేపు పెండ్లయితే పోతది. మావోడైతే ఏడికీ పోడు."

"అవ్, నిజమే. వాన్ని ఎవరు తీస్కపోతరు?" అని లేచాను.

ఆ మాట అన్నందుకు బస్టాండు దాకా భలే తృప్తిగా నడిచాను. బస్సెక్కాక శ్రావణి సర్టిఫికెట్ల కవరు ఒళ్లో పెట్టుకుని నెమ్మదిగా అడిగింది.

"అమ్మమ్మా, పది రోజులు నేర్పితే ఎక్స్‌పీరియెన్స్ సర్టిఫికెట్ ఇస్తడంటవా?"

ఇంత చదివిన పిల్ల చేత ఆ ప్రశ్న అడిగించిన లోకమంటే రోత పుట్టింది. ముప్పై ఏళ్లు బడిలో పిల్లల ప్రశ్నలకు జవాబులు చెప్పినదాన్ని, దీనికి మాత్రం కండక్టరు కోసం వెతుకుతున్నట్టు నటించాను.

మీ పిల్లే అడిగితే ఆ పది రోజులు నేర్పడానికి పొమ్మంటారా, వద్దంటారా?