దుబాయికి పోయిన పాఠం

నా భార్య పోయిన నెల ఆదిలాబాద్ ఆసుపత్రిలో కన్నుమూసింది. బోథ్ బడిలో ఆమె దగ్గర సోషల్ చదువుకున్నవాళ్లలో కబురు అందని వాళ్ల కోసం ఈ నాలుగు మాటలు.

బడికి కంప్యూటర్ వచ్చిన ఏడాది సెలవులన్నీ దాని ముందే గడిపింది. పిల్లలను కాకతీయ రాజు గద్దె మీద కూర్చోబెట్టే పాఠం తయారుచేసింది. వానలు లేవు, చెరువు తవ్విస్తావా, పన్ను పెంచుతావా అని తెర అడుగుతుంది. ఏ మీట నొక్కితే కథ అటు నడుస్తుంది. ఆ కంప్యూటర్‌లో తెలుగు అక్షరాలు లేవు. తెలుగు మాటలనే ఇంగ్లిషు అక్షరాల్లో కొట్టింది.

కంప్యూటర్‌లో చేసిన ఆ పాఠాన్ని దాచేది మామూలు పాటల క్యాసెట్టులోనే. టేప్‌రికార్డర్‌లో పెడితే కీచుమని మోత, అంతే. దుబాయిలో ఉన్న మా తమ్ముడికి మేం ఉత్తరాలు రాసేవాళ్లం కాదు. మాటలు క్యాసెట్టులో నింపి, సెలవుకు వచ్చి పోయేవాళ్ల చేతికిచ్చేవాళ్లం. ఒకరోజు ఆ మోత విని, క్యాసెట్టులో పాటలు చెడిపోయాయనుకున్నాను. దాని మీదే, కన్నకొడుకు కోసం మా అవ్వతో రెండు వైపులా మాట్లాడించి పంపేశాను.

సాయంత్రం ఆమె అల్మారా అంతా వెతికింది. చెప్పాను.

"పాస్‌పోర్టు లేకుండ కాకతీయులను దుబాయి తోలిండ్రు గదా!" అని నవ్వింది. వంటింట్లోకి పోయాక నవ్వు వినిపించలేదు. ఇంకో కాపీ లేదు.

"నా మాటల కింద నీ పాఠం పోయిందా బిడ్డా?" అంది అవ్వ.

"పోనీ అత్తమ్మా. కొడుకుతోని మాట్లాడినవు గదా."

నాతో మాత్రం మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు పిల్లలను పిలిచి, "మీకు యాదున్నంత చెప్పుండ్రి" అంది. ఒకరు చెప్పింది ఇంకొకరు కాదన్నారు.

"పన్ను పెంచితే ఊరోళ్లు ఊకుంటరా టీచర్? ఊరిడిసి అడవిలకు పోతరు" అంది ఒక అమ్మాయి.

పాత పాఠంలో అది లేదు. "లేకుంటే పెడుదాం తియ్" అంటూ మళ్లీ మొదలుపెట్టింది. పూర్తయ్యాక, "ముందటిదాని కన్న గిదే మంచిగుంది" అంది నాతో. నిజంగానే అందో, నా మనసు తేలికపడాలని అందో, అడగలేదు.

ఎన్నిసార్లు పిలిచినా ఆ పాఠం ముందు నేను కూర్చోలేదు, మళ్లీ ఏం చెడగొడతానో అని. ఆమె మాత్రం నాకు పట్టింపు లేదనుకుని ఉంటుంది.

దినాలయ్యాక, ఇంట్లో ఉన్న బడి పుస్తకాలు అప్పగించడానికి వెళ్లాను. హెడ్‌మాస్టర్ గారు ఆ పాఠం పెట్టి నన్ను కూర్చోబెట్టి బయటికి వెళ్లారు. కరువొచ్చింది, ఏం చేస్తావని తెర అడిగింది. పన్ను పెంచాను.

తెర మీద వచ్చింది: "తొందరపడ్డవు. ఫికర్ లేదు, జర ఆగి మల్ల చూడు."

ఏదైనా మీట నొక్కమని కింద ఉంది. నొక్కితే ఆ మాట పోతుంది. బడి వదిలారు, పిల్లల అడుగులు వరండా దాటిపోయాయి. నేను చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.