ఉప్పు పడ్డది

"ఈ పప్పుల ఉప్పు ఎవరేసిండ్రు?"

"ఎవ్వరెయ్యలే. సప్పిడి పప్పే. తిను."

మా ఆయనకు నాకు నడుమ ఆఖరి మాటలు గివే. ముద్ద నోటిదాకా తెచ్చి అడిగిండు. నేను చెప్పినంక కూడా నమ్మలే, నా మొఖం దిక్కే చూసుకుంట కూసున్నడు. ముద్ద కంచంల పెట్టి, చెయ్యి కడుక్కొని పండుకున్నడు. మల్ల లేవలే. నాకు సంతకం పెట్టుడు ఒక్కటే వస్తది. గందుకే మా అన్న బిడ్డను కూసోబెట్టి చెప్తున్న, ఆమె రాస్తున్నది.

మా ఆయన యూనివర్సిటీ హాస్టల్ మెస్సుల వంట చేసేటోడు. నేను గాడనే బియ్యం ఏరుడు, ఉల్లిగడ్డలు కోసుడు. మా మీద పెద్ద వంటమేస్త్రి ఉండె. మమ్మల్ని ఊరికెల్లి తీసుకొచ్చి పనికి పెట్టింది ఆయనే, మా ఆయనకు గరిటె పట్టుడు నేర్పింది ఆయనే. నన్ను చెల్లె అనేటోడు. "నా తర్వాత నువ్వేరా మేస్త్రివి" అని మా ఆయనతోని అందరి ముంగట అన్నడు. ఆగితే వచ్చేదే.

నేనే ఆగలే.

తార్నాకల కూరగాయలమ్మే కాడికి మేస్త్రి భార్య వస్తే "మేస్త్రమ్మా, గీడ కూసో" అని స్టూల్ ఏసేటోళ్లు. నన్నైతే "ఏయ్ ఉల్లిగడ్డలామె, జర పక్కకు జరుగు" అనేటోళ్లు. ఆ వదినె మంచిది, నాతోని నవ్వుకుంటనే మాట్లాడేది. అయినా ఆ స్టూల్ మీద కూసోవాలని నా పాణం కొట్టుకునేది. చెప్పను సిగ్గైతది, ఒక ప్లాస్టిక్ స్టూల్. మెస్సు ఎనుక మేస్త్రికి ఇచ్చే రెండర్రలు, లోపటనే నల్లా, గవి కూడా కావాలె. కానీ ముందుగాల ఆ పిలుపు కావాలె.

ఇంటికొస్తే మా ఆయనను పొడుసుడే నా పని.

"ఇంకెన్నేండ్లు యేలాడుతడు ముసలోడు ఆ గరిటె పట్టుకొని?"

"ఇస్తనన్నడు గద. మనకు అన్నం పెట్టినోడే."

"ఇస్తడు, నీ పండ్లూడినంక. అప్పుడు బోసి నోటితోని రుచి చూసుకో."

మొదట్ల నవ్వేటోడు. తర్వాత నవ్వుడు బంద్ చేసిండు.

మెస్సుల ఒక పద్ధతి ఉన్నది. వందల మందికి వండే గంజుల ఉప్పు ఒక్క చెయ్యే ఎయ్యాలె, అది మేస్త్రి చెయ్యి. ఏసినంక "ఉప్పు పడ్డది" అని అందరికి ఇనబడేటట్టు అంటడు. ఆ మాట ఇన్నంక ఇంకెవ్వరు ఉప్పు డబ్బా ముట్టరు.

హాస్టల్ డే నాడు పెద్ద సార్లు, బయటోళ్లు భోజనానికి వస్తున్నరు. "గియ్యాల ఉప్పు ఎక్కువైతే చాలు, ముసలోడు దిగిపోతడు" అని మా ఆయన చెవుల నేనే ఏసిన.

"నా చెయ్యి రాదే" అన్నడు.

"అయితే నా చీరె కట్టుకొని ఉల్లిగడ్డలు కొయ్యి. గరిటె నేను పడ్త."

మొగోన్ని గట్ల అంటే ఏం చేస్తడో నాకెరుకే. ఎరుకుండే అన్న.

మేస్త్రి పప్పుల ఉప్పేసి "ఉప్పు పడ్డది" అన్నడు. చేతులు కడుగను బయటికి పోయిండు, తక్కిన పనోళ్లు బయట బల్లలు ఏస్తున్నరు. మా ఆయన నా దిక్కు చూసిండు. నేను తల ఊపిన. దోసిళ్లతోని ఉప్పు కుమ్మరిచ్చి గరిటె తిప్పిండు.

పెద్ద సార్లు మొదటి ముద్దకే నీళ్ల గ్లాసులు అందుకున్నరు. వార్డెన్ సార్ లోపటికొచ్చి తిట్టలే. "ఏంది పెద్దాయనా, ఇది మనుషులు తింటరా" అన్నడు మెల్లగ. మేస్త్రి గరిటెల తీసుకొని నాలిక మీద పెట్టుకున్నడు. ఎవ్వరినీ అనుమానపడలే. సీదా నా దగ్గరికొచ్చిండు.

"చెల్లె, నువ్వు గీడనే ఉన్నవు గద. నేను 'ఉప్పు పడ్డది' అని ఒక్కసారే అన్ననా?"

"రెండుసార్లు ఇన్నట్టున్నది, అన్నా."

నమ్మిండు. మా ఆయన కరాబు చేసింది ఒక గంజు పప్పు. మనిషిని కరాబు చేసింది నా మాట. "వయసైంది సార్, మతి ఉంటలేదు" అని ఆయనే వార్డెన్ సార్‌తోని చెప్పుకొని, గరిటె మా ఆయన చేతుల పెట్టి పోయిండు. పోయేటప్పుడు మా ఆయన భుజం తట్టిండు.

నేను మేస్త్రమ్మనైన. స్టూల్ మీద కూసున్న. గా మాట కూడా రాయి బిడ్డా, బాగనే అనిపిచ్చింది.

మా ఆయనకే బాగలేకుండె. "ఉప్పు పడ్డది" అనుడు ఆయన నోటికి ఎన్నడూ రాలే. ఏసుడు, రుచి చూసుడు, మల్ల చూసుడు. ఎనుక ఎవరన్న నిలబడితే గరిటె పట్టుకొని గిర్రున తిరిగేటోడు. "నువ్వేమన్న ఏసినవారా?" అని పనోళ్లను అడిగి అడిగి ఒక్కొక్కన్ని ఎల్లగొట్టిండు. గంజు కాడ నాకుడే నాకుడు, బీపీ పెరిగింది. డాక్టర్ ఉప్పు బంద్ పెట్టుమన్నడు. చేతులు వణుకబట్టినంక పనికెల్లి తీసేసిండ్రు. ఆ రెండర్రలు ఖాళీ చేసి లాలాగూడల కిరాయికి చేరినం.

మెస్సుల ఉన్నప్పుడే ఒకపారి పిల్లలు పాతకాలం నాటకమేదో ఏసిండ్రు. రాజు కావాలని ఒకడు, ఎనుకకెల్లి ఎగదోసే పెండ్లాం. మా ఆయన నడుమల్నే లేసి పోయిండు. నేను కూసున్న, ఆమెకేమైతదో చూద్దామని. చేసింది ఓర్వలేక ఆమె సచ్చిపోయింది. పిల్లలు చప్పట్లు కొట్టిండ్రు. నాకేం కాలే. ఇంటికి పోయి కడుపునిండ తిన్న. గిదంత తలుసుకుంటే అన్నిటికన్న ఆ అన్నం తిన్నదే సిగ్గనిపిస్తది.

మా ఆయన దినాలకు మేస్త్రి మెట్టుగూడకెల్లి కట్టె పట్టుకొని వచ్చిండు. నేను పిలువలే. "నా తమ్మునసొంటోనికి నేను వండక ఎవరు వండుతరు" అని పొయ్యి కాడ కూసున్నడు. పప్పు ఉడికినంక గరిటె నా దిక్కు జాపిండు.

"నువ్వు చూడు చెల్లె. నా చెయ్యి మీద నాకు నమ్మకం లేదు. ఆ హాస్టల్ కాడనే పోయింది. ఇంట్ల కూడా ఉప్పేసిన్నా అని మీ వదినెను అడుగుతుంట. నవ్వుతది ఆమె."

అరచేతుల పోసుకొని చూసిన. గప్పుడన్న నిజం చెప్పాల్సుండె. నోటి దాకా వచ్చింది కూడా.

"సరిపోయింది, అన్నా" అన్న.

మా అన్న బిడ్డ రాసుడు ఆపింది. "అత్తా, గాయనకు ఇంకా తెల్వదా?" అంటున్నది. తెల్వదు. ఆ ముసలాయన ఇయ్యాల్టికి తన మతే పోయిందనుకొని బతుకుతున్నడు. ఆయన పోయినంక చెప్పి ఫాయిదా లేదు. ఆటో పట్టుకొని నేనే పోత, ఆయన ముంగట కూసొని చెప్త. కానీ నా నోటి సంగతి నాకెరుక, ఆయన మొఖం చూడంగనే అది వంకర తిరుగుతది. సచ్చినోడు జవాబు చెప్పడని అంతా మా ఆయన మీదికే నూకుతది. గందుకే ముందుగాల నీ ముంగట చెప్పి చూసుకున్న.

ఏదీ, మొదటికెల్లి సదువు బిడ్డా. మెల్లగ సదువు. యాడన్న మీ మామ మీదికి నూకిన్నంటే ఆడనే ఆగి నాకు చెప్పు.