గోడకెక్కిన మా అక్క నంబరు

మా అక్క ముప్పయ్యేళ్లు బడిలో లెక్కలు చెప్పి రిటైరైంది గాని, ఆమె ఎర్ర పెన్ను రిటైర్ కాలేదు. ఇంటికి పెళ్లి కార్డు వచ్చినా ముందు తప్పులు దిద్దుతుంది, తర్వాతే ముహూర్తం చూస్తుంది. రెండేళ్ల కిందట రాంగోపాల్‌పేట్‌లో ఫ్లాటు కొన్నప్పుడు దస్తావేజును పదకొండుసార్లు దిద్దింది. ప్రతిసారీ మళ్లీ టైపు చేసిన డాక్యుమెంట్ రైటర్ జుట్టు నా కళ్ల ముందే తెల్లబడింది. నేను సాక్షిని. పెట్టమన్నచోట సంతకం పెట్టి, వేలు ముంచమంటే ముంచి, చాయ్ తాగడానికి వెళ్లిపోయాను.

మొన్న ఆదివారం నేను ఆమె ఇంట్లో అన్నం తింటుండగా ఒక పెద్దమనిషి తలుపు కొట్టాడు. కార్ఖానా ఏరియాలో ఇల్లు కొన్నాడట. చేతిలో కొత్త దస్తావేజు.

"మేడం, ఒక తక్లీఫ్ వచ్చింది. కాయితాల ప్రకారం నేను మీరైపోయిన," అన్నాడు.

చూస్తే నిజమే. పేరు అతనిది, తండ్రి పేరు అతనిది, ఆధార్ నంబరు మాత్రం మా అక్కది. టైపు చేసినవాడు నమూనా మీదనే పేర్లు మార్చుకుంటూ పోయి, ఆ ఒక్కచోట మరిచిపోయాడట. రిజిస్ట్రేషన్ కూడా అయిపోయింది.

"నా అడ్రసు మీకెవరిచ్చిన్రు?" అంది అక్క.

"ఎవరియ్యాలె మేడం? నంబరు పక్కనే ఉంది. గోడ మీద."

"ఏ గోడ?"

ఆ రాత్రి అక్క అన్నం ముట్టలేదు. ఆమె పింఛను ఖాతా, ఫోను, గ్యాసు, సమస్తం ఆ నంబరుకే ముడిపడి ఉన్నాయి. వేలిముద్రను రబ్బరులో అచ్చుపోసి ఖాతాలు ఊడ్చేస్తున్నారని ఎదురు ఫ్లాటావిడ ఎప్పుడో చెప్పిందట. "ఊకో అక్కా, పన్నెండు అంకెలే గద," అన్నాను నేను, పెరుగు కలుపుకుంటూ. ఆమె నన్ను సున్నా మార్కులు వచ్చినవాణ్ని చూసినట్టు చూసింది.

సోమవారం పొద్దున్నే ముగ్గురం బయలుదేరాం. రిజిస్ట్రేషన్ ఆఫీసు ఎదురుగా, ఇద్దరి దస్తావేజులూ రాసిన ఆ రైటర్ దుకాణం లిఫ్టులో సగం ఉంటుంది. లోపల కూర్చుంటే మోకాళ్లు ట్రాఫిక్‌లో ఉంటాయి. తలుపు బార్లా తెరిచి ఉంది. లోపలి గోడకు మా అక్క దస్తావేజు, పేజీకి ఒక లామినేషన్ చొప్పున మేకులతో కొట్టి ఉంది. పైన పెద్దక్షరాలతో 'నమూనా'. ఆమె ఆధార్ నంబరు చుట్టూ ఎర్ర సున్నా చుట్టి, బాణం గీసి, 'ఇక్కడ మీ నంబరు రాయవలెను' అని సూచన. కింద ఆమె ఫోటో, వేలిముద్ర. గీతలు లెక్కపెట్టుకునేంత స్పష్టంగా ఉంది. అక్క లెక్కపెట్టడం షురూ చేసిందని నా అనుమానం.

"రండ్రి మేడం," అన్నాడు రైటర్. "మీ డాక్యుమెంటే నా దుకాణానికి దీపం. ఒక్క తప్పు లేదు. వచ్చినోళ్లందరికి అదే చూపిస్త."

అర సెకను అక్క మొహం వెలిగింది. నేను చూశాను. ఆమె కాదంటుంది.

"నా నంబరు తీసెయ్," అంది వెంటనే.

"అది పబ్లిక్ రికార్డు మేడం. ఎవరైనా ఆఫీసు లోపల ఫీజు కట్టి నకలు తీస్కోవచ్చు. నేను జెర వాళ్లకు ఫీజు మిగిలిస్తున్న, అంతే."

"ఇల్లు ఎవరిదో పదిమందికి తెల్వాలె, ఒప్పుకుంట. రేపు కొనేటోడు మోసపోవద్దు. గాని వాడు ఇల్లు కొంటడా, నా వేలు కొంటడా?"

"ఆడ ఖాళీ పెడ్తే జనం ఖాళీగనే తెస్తరు మేడం," అని గొణిగాడు రైటర్. అక్క స్టూలు లాక్కుని, ఎర్ర పెన్ను తీసి, కొత్త నమూనా రాసిచ్చింది. మొదటి ఎనిమిది అంకెల చోట ఎనిమిది గుణకారం గుర్తులు, చివర నాలుగు సున్నాలు, వేలిముద్ర చోట 'మీ వేలు' అని ఒక డబ్బా. దీనికి గంటన్నర పట్టింది. నా మోకాళ్లను రెండు ఆటోలు రాసుకుంటూ పోయాయి.

పాత పేజీలు పీకడం నా వంతు. మూడు పీకాను. "నాలుగోది తలుపుకుంది," అన్నాడు రైటర్. తలుపు మూసి బయటివైపు చూశాను.

సాక్షుల పేజీ. రోడ్డుకు ఎదురుగా నా ఫోటో, నా నంబరు, నా బొటనవేలు. దుకాణం మూసినప్పుడల్లా ఆ సందులో చాయ్ తాగే జనమంతా రెండేళ్లుగా నన్ను చూస్తూ సమోసాలు నంజుకున్నారన్నమాట. నేను వేసిన కేకకు పక్కన జిరాక్స్ మెషిన్ ఆగిపోయింది.

"ఊకోరా, పన్నెండు అంకెలే గద," అంది అక్క, పెన్నుకు మూత పెడుతూ.

గోడ ఖాళీ అయింది గాని, ఆఫీసు లోపల మా ఇద్దరి అంకెలూ ఫీజు కట్టినవాడికల్లా దొరికేట్టు అలాగే ఉన్నాయి. అక్క అక్కడికక్కడే అర్జీ రాసింది, నకళ్లు ఇచ్చేటప్పుడు నంబరూ వేలిముద్రా కప్పి ఇవ్వమని. ఆఫీసులో కిటికీ వెనక క్లర్కు అది చదివి ఆవులించాడు.

"ఆధార్ చూపియ్యుండ్రి."

అక్క కార్డు బల్ల మీద పెట్టి, దాని మీద అరచెయ్యి వేసింది. చివరి నాలుగు అంకెలు మాత్రం వేళ్ల పక్క నుంచి కనబడుతున్నాయి.

"చెయ్యి తీయండ్రి మేడం."

"నాలుగు కనబడ్తున్నయి గద."

"మొత్తం కనబడాలె."

"ఎందుకు?"

క్లర్కు ఆలోచనలో పడ్డాడు. బహుశా ఉద్యోగంలో చేరాక మొదటిసారి. మా వెనక లైను గేటు దాటి, రోడ్డు దాటి, నాకు తెలిసి రెజిమెంటల్ బజార్ దాకా పెరిగింది. సవరణ కాగితాలు పట్టుకున్న కార్ఖానా పెద్దమనిషి నా చెవిలో అడిగాడు. "సార్, మేడం చెయ్యి తీస్తదంటరా?"

నిన్నటిదాకా అయితే ఆ చెయ్యి నేనే పట్టి లాగేవాణ్ని. జేబులోంచి నా కార్డు తీసి, అక్క చెయ్యి పక్కన పెట్టి, దాని మీద నా చెయ్యి వేశాను.