ఉప్పెక్కిన బావి, దొరసాని నాలుక

మా తోడికోడలిని వీధి వీధంతా దొరసాని అంటుంది. ఎవరో పెట్టిన పేరు కాదు, తన నోటితో తను తెచ్చుకున్న పేరు. మగ్గాలకి వెళ్ళే నూలుకి రంగు వేయడం మా రెండిళ్ళ పని. మా ఆయన పోయాక నేను తొట్టి బోర్లించేశాను. ఆమె మాత్రం వదల్లేదు. ఎరుపు వేయడంలో ఆమెని మించినవాళ్ళు లేరని నేను ఒప్పుకుంటాను. ఆమె నా మాట ఒక్కటీ ఒప్పుకున్న పాపాన పోలేదు.

పొద్దున్నే రంగు కలిపే ముందు బావి నీళ్ళు దోసిట పట్టి, నోట్లో తిప్పి, ఉమ్మేది. "తీపి" అంటే పొయ్యి వెలిగించాలి. కాదంటే ఆ పూట పని లేదు. మా మామగారి నాటి నుంచీ అదే పద్ధతి.

ఊరికి ఎగువన ఆనకట్ట కట్టాక బావుల్లో నీళ్ళు పైకొచ్చాయి. చేంతాడు సగం చాలింది. దొరసాని ఆనకట్ట తనే కట్టించినట్టు తిరిగింది. ఆ నీళ్ళు ఊరికే పైకి రాలేదు. నేల అడుగున పడున్న ఉప్పునంతా నానబెట్టి మోసుకొచ్చాయి, ఏడాదికి కాస్త చొప్పున. గోడల మొదట్లో తెల్లటి పొర లేచింది. సబ్బు నురగ రావడం మానేసింది. రోజూ అవే తాగే నాలుకకి ఏం తెలుస్తుంది? నా నాలుకకీ తెలియలేదు. కానీ నేను దాన్ని నమ్ముకుని వ్యాపారం చేయలేదు.

అంతలో ఆమె కొడుక్కి పెళ్ళయింది. కోడలు ఎక్కడో దూరపు పిల్ల. వచ్చిన రోజే చెంబెత్తి, మొహం చిట్లించింది.

"ఉప్పగా ఉన్నాయేంటి అత్తయ్యా?"

"మీ పుట్టింట్లో పంచదార కలుపుకుని తాగేవారా తల్లీ?"

ఆ తర్వాత ఎరుపు చెడడం మొదలైంది. ఒక నూలుకట్ట, అదే చిలప, ఇటుక రంగు, ఒక చిలప మచ్చలు మచ్చలు. పొద్దున నీళ్ళు తీపి అని ఆమె నాలుకే చెప్పింది కదా, ఇక తప్పు నీళ్ళది ఎలా అవుతుంది? కోడలి చేతిదైంది. పిల్లని రంగు పొడి ముట్టనివ్వలేదు, ఆఖరికి నూలు ఆరేయనివ్వలేదు. అయినా మచ్చలు పోలేదు. "దీని నీడ పడింది" అంది.

మగ్గాల షావుకారు సరుకు తిప్పి తెచ్చిన రోజు, దొరసాని ఆ చిలపలన్నీ నీళ్ళలో ముంచి కోడలి మెడలో వేసి వీధి మెట్ల మీద నిలబెట్టింది. రంగు కారి పిల్ల రవికంతా తడిసింది.

"చూడండమ్మా! బంగారం లాంటి నూలుని బూడిద చేసే చెయ్యి!"

షావుకారు పళ్ళికిలించాడు. కొడుకు అరుగు మీద కూర్చుని గోళ్ళు గిల్లుకున్నాడు.

"బావిలో ఉంది అత్తయ్యా లోపం. నన్నేమన్నా నీళ్ళు మారవు" అంది పిల్ల.

"ముందు నువ్వు మారు. నా గడప దిగు."

దిగింది. చిలపలు తీసి మెట్టు మీద పెట్టి మరీ దిగింది.

పిల్ల వెళ్ళిపోయాక రంగు బాగుపడాలి కదా? ఇంకా చెడింది. నీళ్ళ శాఖ నుంచి ఒక అమ్మాయి సీసాలు పట్టుకొచ్చి, ఆనకట్ట నీరు నేలలో ఒత్తిడి చేస్తోందనీ, ఉప్పు ఏటేటా పెరుగుతోందనీ, ఇక దీనితో రంగు వేయవద్దనీ చెప్పింది.

"నా నాలుకకన్నా నీ సీసా గొప్పదా? పో పో."

షావుకారు రావడం మానేశాడు. చివరికి ఒకసారి నిప్పులాంటి ఎర్ర చిలప తెచ్చి ఆమె ఒళ్ళో పడేశాడు. "నీ కోడలు వేసింది. కుళాయి వీధిలో సొంత తొట్టి పెట్టుకుంది."

మర్నాడు నన్ను తోడు రమ్మంది. నేను వెళ్ళకుండా ఉంటానా! రేకుల షెడ్డు, పొడుగాటి తొట్టి, దాని మీద కుళాయి. ఆ కుళాయిలో వచ్చేవీ ఆనకట్ట నీళ్ళే, కాకపోతే నేలలోకి దిగకుండా గొట్టంలో వచ్చినవి. దొరసాని దోసిట పట్టి నోట్లో పోసుకుంది.

"చప్పిడి నీళ్ళు. వీటికి రంగు పడుతుందా?"

కోడలు కర్రతో చిలప పైకెత్తింది. అంచు నుంచి అంచుకి ఒకటే ఎరుపు. దొరసాని దాన్ని చాలాసేపు చూసింది. ఆమె మొహం అలా వడలిపోవడం నేను అంతకుముందు చూడలేదు. చూడాలని ఎన్నేళ్ళుగానో ఉండేది. చూశాక అంత బాగాలేదు.

"ఇంటికి రా. తొట్టి నీకే ఇచ్చేస్తాను" అంది.

"ఆ తొట్టిలో పోయడానికి ఏ నీళ్ళున్నాయి అత్తయ్యా?" పిల్ల గొంతులో కోపం కూడా లేదు. "ఇక్కడ నూలు జాడించే పని ఉంది. అందరికీ ఇచ్చే కూలే ఇస్తాను. రంగు జోలికి మాత్రం రావద్దు."

నేనైతే ఆ ఉప్పు నీళ్ళే తాగి చచ్చేదాన్ని గానీ ఒప్పుకునేదాన్ని కాదు. ఆమె ఒప్పుకుంది. కొడుకు కూడా మూటలు మోయడానికి వెనకే వెళ్ళాడు.

మొన్న అటు వెళితే షావుకారు ఉన్నాడు. కుళాయి కింద వంగి జాడిస్తున్న ఆమెని చూసి, "ఏం దొరసానీ, పదవి మారిందే!" అన్నాడు. పనివాళ్ళు పగలబడి నవ్వారు. ఆమె తలెత్తి కోడలి వైపు చూసింది, తన తరఫున ఒక్క మాట అంటుందేమోనని.

కోడలు చిలపలు లెక్క చూసుకుంటూనే అంది:

"ఆమెని మాటల్లో పెట్టకండి షావుకారుగారూ, పని ఆగిపోతుంది."